వాన లెక్కలో నిజమెంత?

తిరువూరులో నిన్న 40 మిల్లీమీటర్ల వాన కురిసిందని పత్రికలో పడిందనుకొందాం. ఊరికి రెండు మూడు మైళ్ల దూరాన పొలమున్న రైతు ఆ వార్త చూసి, తన చేలో దుక్కి పదును కూడ కాలేదే అని ఆశ్చర్యపోవచ్చు. పత్రిక అబద్ధం రాయలేదు. రైతు మాటా అబద్ధం కాదు. రెండూ ఒకేసారి ఎట్లా నిజం కాగలవో తెలియాలంటే, ఆ 40 అనే అంకె ఎక్కడ పుట్టిందో చూడవలె.

వానను కొలిచే సాధనం వర్షమాపకం. చూడటానికి అతి సామాన్యమైనది: పైన ఒక గరాటు, దాని కింద సీసా, పక్కన గీతలు గీసిన కొలతగ్లాసు. ఇంగ్లండులో 1860 ప్రాంతాన సైమన్స్ అనే ఆయన, దేశమంతటా వాన లెక్కలు రాసే ఔత్సాహికులను కూడగట్టాడు. ఆయన పేరిట వచ్చిన వర్షమాపకాన్నే మన దేశంలోనూ చాలకాలం వాడారు. దాని మూతి వ్యాసం 5 అంగుళాలు, అనగా 127 మిల్లీమీటర్లు. తరువాత వచ్చిన ఫైబరుగ్లాసు వర్షమాపకాలలో మూతి వైశాల్యం 100 లేక 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది.

ఒక మిల్లీమీటరు వాన అనగా, పడిన నీరు ఇంకక, పారక, ఆవిరికాక నేలమీద నిలిస్తే ఒక మిల్లీమీటరు మందాన ఉంటుందని అర్థం. చదరపు మీటరుకు సరిగా ఒక లీటరు. ఎకరానికి 4,000 లీటర్ల పైచిలుకు. కాబట్టి లెక్కలో పది మిల్లీమీటర్ల పొరపాటు అంటే ఎకరానికి నలభైవేల లీటర్ల పొరపాటన్నమాట.

ఇట్టి పొరపాటు రావడానికి పెద్ద కారణమేమీ అక్కరలేదు. 200 చదరపు సెంటీమీటర్ల గరాటులో ఒక మిల్లీమీటరు వానకు 20 ఘనసెంటీమీటర్ల నీరు చేరుతుంది. 100 చదరపు సెంటీమీటర్ల గరాటులో పదే. పెద్ద గరాటు కింది నీటిని చిన్న గరాటుకు చెందిన గ్లాసుతో కొలిస్తే, 40 మిల్లీమీటర్ల వాన కాగితం మీద 80 అయి కూర్చుంటుంది! వర్షమాపకం పక్కన నాటిన మొక్క నాలుగేళ్లలో చెట్టయి గాలివాటు చినుకులను అడ్డుకొన్నా, ఎవరూ గమనించకపోవచ్చు. అందుకే చెట్టుగాని, గోడగాని ఎంత ఎత్తున్నదో కనీసం దానికి రెండింతల దూరంలో వర్షమాపకం ఉండవలెనని నియమం. మూతి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున, సమంగా ఉండవలె. మేడమీద పెడితే గాలి చినుకులను మూతి మీదుగా తోసుకొనిపోతుంది; లెక్క తగ్గుతుంది.

కాలం విషయంలో మరొక చిక్కు కలదు. మన వాతావరణ శాఖ లెక్కలో రోజు అర్ధరాత్రితో కాక, ఉదయం 8.30 గంటలకు ముగుస్తుంది. 2024 ఆగస్టు 31 మధ్యాహ్నం పడిన వాన సెప్టెంబరు 1 ఉదయం లెక్కలోకి ఎక్కుతుంది. ఆ రెండు రోజుల వానలకే బుడమేరు పొంగి విజయవాడలో పెద్దభాగం మునిగింది. ఆ ఏరు పుట్టేది మైలవరం చుట్టుపట్ల కొండలలో. అటువంటి చోట్ల ఎంత వాన, ఏ గంటలో పడిందో తెలియడం దిగువనున్న వారికి ప్రాణావసరం. రోజుకొకసారి చదివే అంకె దానికి చాలదు. అందువల్లనే స్వయంచాలిత కేంద్రాలు వచ్చాయి. వాటిలో చాలవాటిలో చిన్న తొట్టి నిండగానే ఒరిగి, ఒక్కొక్క ఒరుగుడూ లెక్కకు వస్తుంది. అయితే కుండపోతలో తొట్టి ఒరిగే లోపల కొంత నీరు లెక్కకు అందక జారిపోతుంది. గరాటులో ఆకు పడి రంధ్రం మూసుకుంటే, జోరువానలో కూడ యంత్రం సున్న చూపిస్తుంది.

పరికరం సరిగా ఉన్నా, అది చూసేది ఎంత చోటు? ఒక చదరపు కిలోమీటరు, 200 చదరపు సెంటీమీటర్ల మూతికి అయిదు కోట్ల రెట్లు. వేసవిలో వచ్చే ఉరుముల వానలో ఒక ఊరు తడిసి, పక్క ఊరు పొడిగా ఉండటం అందరూ ఎరిగినదే. మొదట చెప్పిన రైతు సందేహానికి ముఖ్య సమాధానమిదే. ఐతే వాతావరణాధారిత పంటల బీమా కింద పరిహారం, నిర్ణీత కేంద్రంలో నమోదైన అంకెలను బట్టి వస్తుంది. 2007లో మొదలై, 2016లో మార్పులు పొందిన ఆ పథకంలో, రైతు చేను ఎండినదా లేదా అనేదానికన్న, దూరాన ఉన్న ఆ గరాటులో ఎంత పడిందన్నది నిర్ణాయకం. కేంద్రాల మధ్య దూరం తగ్గించడమే దీనికి సరైన మందు.

కొలిచేవానికే లాభం ఉంటే ఏమవుతుందో చూపే ఉదంతం మంచుదేశాలలో దొరుకుతుంది. అమెరికా, కెనడాలలో మంచుకొండల మీద జారే ఆటకు జనం డబ్బిచ్చి వెళ్తారు. కొత్తగా ఎంత మంచు పడిందో ప్రకటించేది ఆ విహారకేంద్రాల యజమానులే. జిన్మన్, జిట్జెవిట్జ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు ఈ ప్రకటనలను పరీక్షించి 2016లో ప్రచురించిన పరిశోధనలో ఒక వింత బయటపడింది: శని, ఆదివారాలలో ప్రకటించిన మంచు, మిగతా రోజులకన్న 12 నుండి 23 శాతం ఎక్కువ! మేఘాలకు వారాలు తెలియవు గదా. 2009లో, కొండమీదనే ఉన్న ఆటగాళ్లు చేతిఫోను ద్వారా అసలు స్థితిని అందరికీ తెలిపే సాధనం రాగా, ఈ అతిశయోక్తి బాగా తగ్గింది.

మంచును కొలవడం వానకన్న కష్టమన్నదీ నిజమే. గాలికి ఎగిరి ఒకచోట కుప్పపడుతుంది, తన బరువుకే అణగుతుంది. కాని ఆ కష్టం అన్ని వారాలకూ ఒకటే.

పాఠశాలలో విద్యార్థులు నిటారు గోడలున్న డబ్బా, స్కేలు పెట్టుకొని ఒక వానకాలమంతా లెక్క రాసి, మండల కేంద్రపు అంకెలతో పోల్చవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవలె. వాన పడని రోజున 0 అని రాయవలె. చూడటం మరచిన రోజున గడి ఖాళీగా వదలవలె. మరచిన రోజున కూడ సున్న చుడితే, నెలాఖరున కూడేటప్పుడు ఆ రెండు సున్నలను ఎవరూ విడదీయలేరు.