డేటు తప్పితే ఏ లెక్క తప్పినట్టు?

1984లో బార్బరా డ్రింక్‌వాటర్ బృందం న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. అందులో ఉన్నది 28 మంది క్రీడాకారిణులే. 14 మందికి నెలసరి సక్రమంగా వస్తోంది, 14 మందికి ఆగిపోయింది. ఆడే ఆట, వయసు, ఎత్తు, బరువు, రోజూ చేసే సాధన అన్నీ రెండు వైపులా సరితూగేలా చూసుకుని, నడుము దగ్గరి వెన్నుపూసల సాంద్రత కొలిచారు. నెలసరి వస్తున్నవాళ్లకు చదరపు సెంటీమీటరుకు సగటున 1.30 గ్రాములు. ఆగినవాళ్లకు 1.12. తేడా 0.18 గ్రామే కదా అనిపిస్తుంది. దాన్ని వయసులోకి మార్చి చూస్తేనే గుండె ఝల్లుమంటుంది. సగటున పాతికేళ్లు కూడా నిండని ఆ అమ్మాయిల వెన్నెముక 51 ఏళ్ల ఆడవాళ్ల వెన్నెముకలా ఉంది.

నిజానికి జరగాల్సింది దీనికి పూర్తిగా తలకిందులు. ఒంటి బరువు కాళ్ల మీద పడే ఆటల్లో ఉన్నవాళ్ల ఎముకలు ఆడనివాళ్ల కంటే 5 నుంచి 15 శాతం గట్టిగా ఉంటాయి. పరుగే ఎముకకు బలం. ఆ బలాన్ని ఇంకేదో తినేస్తోందన్నమాట.

ఆ ఇంకేదాన్ని పట్టుకోవడానికి వైద్యులకు కొంత కాలం పట్టింది. 1992లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ మూడు సమస్యలను ఒక గుత్తిగా కట్టి ‘ఫిమేల్ అథ్లీట్ ట్రయాడ్’ అని పేరు పెట్టింది. తిండి విషయంలో గాడి తప్పడం, నెలసరి ఆగడం, ఎముకలు గుల్లబారడం ఆ మూడు. 2007లో మొదటి దాన్ని సవరించారు. తిండి మీద విరక్తి, బక్కచిక్కాలన్న పంతం ఉండనక్కర్లేదు, చేసే శ్రమకు తినే తిండి చాలకపోతే చాలు అన్నారు. నా దృష్టిలో మొత్తం కథలో ముఖ్యమైన మలుపు ఇదే. అంతవరకూ ఇది మనసుకు సంబంధించిన జబ్బు. ఆ తర్వాత కూడికలూ తీసివేతలూ.

మూడూ ఒక్కరిలోనే కనిపించడం అరుదు. 2013లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం అలాంటివాళ్లు ఏ అధ్యయనంలోనూ 16 శాతం దాటలేదు, కొన్నిట్లో సున్నా. మూడింటిలో ఏదో ఒకటి ఉన్నవాళ్లు మాత్రం 16 నుంచి 60 శాతం దాకా తేలారు. ఒకటి ఉందంటే మిగతా రెండూ గుమ్మం దగ్గర ఉన్నాయేమో చూసుకోవాలి.

లెక్క ఎలాగో చూద్దాం. తిన్న కేలరీల్లోంచి సాధనకు ఖర్చయినవి తీసెయ్యాలి. మిగిలినదాన్ని, కొవ్వు పోను ఉన్న ఒంటి బరువుతో భాగించాలి. కిలోకు 45 కేలరీలు వస్తే ఒంట్లో అన్ని పనులూ సాఫీగా సాగుతాయి. 30 కంటే దిగిందంటే చిక్కు మొదలైనట్టు. ఈ 30 అన్న అంకె ఒహాయో విశ్వవిద్యాలయంలో యాన్ లౌక్స్ చేసిన ప్రయోగాల్లోంచి వచ్చింది. 2003లో వెలువడిన ప్రయోగంలో 29 మంది ఆరోగ్యవంతులైన యువతులకు 5 రోజుల పాటు తిండీ వ్యాయామమూ కొలిచి పెట్టారు. 30 దగ్గర పెద్ద మార్పు లేదు. దాని కిందికి దిగేసరికి, అండాశయాన్ని పనిలో పెట్టే ఎల్‌హెచ్ హార్మోను విడుదలయ్యే లయ నెమ్మదించింది. నెలలు కాదు, 5 రోజులు! అయితే 30 అనేది దాటితే కాలు జారే గట్టు కాదు. కొందరికి అంతకంటే పైనే డేటు తప్పుతుంది, కొందరు దానికి దిగువన కూడా కొంతకాలం నెట్టుకొస్తారు.

ఇప్పుడు మన ఊరి గ్రౌండుకు వద్దాం. తెల్లవారుజామున అయిదున్నరకు జూనియర్ కాలేజీ మైదానం పక్క టీ బండి దగ్గర నిలబడితే, ట్రాక్ ప్యాంట్లలో అమ్మాయిలు టీలో బిస్కెట్టు ముంచుకుని, నోట్లో వేసుకుంటూనే ట్రాక్ మీదికి వెళ్లిపోవడం కనిపిస్తుంది. వాళ్లలో ఒకమ్మాయిని ఊహించుకుందాం. బరువు 50 కిలోలు, అందులో కొవ్వు 10 కిలోలు, మిగిలింది 40. ఉదయం 10 కిలోమీటర్ల పరుగుకు సుమారు 500 కేలరీలు, సాయంత్రం డ్రిల్సుకు ఇంకో 200. ఖర్చు 700.

ఇక జమ. టీ, బిస్కెట్లు 150. పరుగయ్యాక నాలుగు ఇడ్లీలు, చట్నీ 350. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, మజ్జిగ 650. సాయంత్రం ఒక అరటిపండు 100. రాత్రి మూడు పుల్కాలు, కూర 450. అన్నీ ఉజ్జాయింపులే, మొత్తం 1700. ఇందులో 700 పోతే 1000. దాన్ని 40తో భాగిస్తే 25.

ఈ పిల్ల డైటింగ్ చెయ్యలేదు. ఏ పూటా మానలేదు. వాళ్లమ్మను అడిగితే ‘బాగానే తింటుందండీ’ అంటుంది, అబద్ధమేమీ కాదు. కానీ ఐసీఎంఆర్, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన పట్టిక తీస్తే, 55 కిలోల మహిళ కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 1660 కేలరీలు కావాలి. ఒక మోస్తరు శ్రమకు 2130, బరువు పనికి 2720. అంటే మన రన్నరు చేసేది కూలిపని అంతటి శ్రమ, తినేది గుమాస్తా తిండి. తనకు కిలోకు 45 చొప్పున మిగలాలంటే 2500 తినాలి.

జీతం చాలనప్పుడు ఇల్లాలు అద్దె ఆపదు, బియ్యం ఆపదు. గోడలకు సున్నం వెయ్యడం వచ్చే ఏడాదికి చూద్దాంలే అంటుంది. ఒళ్లూ అంతే. గుండె, ఊపిరితిత్తులు, మెదడు ఆగడానికి వీల్లేదు. బిడ్డను కనే ఏర్పాటు వాయిదా వెయ్యొచ్చు. అందుకని మెదడులోని హైపోథలమస్ కింది గ్రంథికి పంపే సంకేతాలు తగ్గిస్తుంది, అండాశయం మందగిస్తుంది, ఈస్ట్రోజెన్ పడిపోతుంది. పాత ఎముకను తవ్వే కణాలకు కళ్లెం వేసేది ఆ ఈస్ట్రోజెనే. కళ్లెం జారాక తవ్వకం ఎక్కువవుతుంది. తిండి చాలక కొత్త ఎముక కట్టే పనీ కుంటుపడుతుంది. గోడకు వాయిదా పడ్డ సున్నం ఇక్కడ ఉత్త పోలిక కాదు, ఎముకకు కావలసిందీ అదే. పైగా ఎముక సంపాదనలో దాదాపు 90 శాతం 18 ఏళ్లలోపే అయిపోతుంది. మన పిల్లలు స్పోర్ట్స్ హాస్టళ్లలో ఉండే వయసూ సరిగ్గా అదే.

మూడు నెలలు వరుసగా రాకపోయినా, 15 ఏళ్లు వచ్చినా అసలు మొదలు కాకపోయినా డాక్టరుకు చూపించాలి. చెప్పేదెవరు? మన భాషలో ‘నెల తప్పింది’ అంటే ఒకటే అర్థం. పదిహేడేళ్ల పిల్ల హాస్టల్లో ఆ మాట నోట అనలేదు. ‘డేటు రాలేదు’ అని స్నేహితురాలి చెవిలో వేస్తుంది, కోచ్ సార్‌కి అది కూడా చెప్పదు. లోలోపల కొంత హాయిగానూ ఉంటుంది. మరుగుదొడ్డి కూడా సరిగ్గా లేని గ్రౌండులో ప్యాడు మార్చుకునే బాధ తప్పింది కదా! 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 199 కిలోలు ఎత్తి నాలుగో స్థానంలో నిలిచిన మీరాబాయి చాను, అది తనకు నెలసరి మూడో రోజని మైకుల ముందే చెప్పింది. అలా చెప్పగలిగినవాళ్లు మనకు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

డేటు రాకపోవడాన్ని ‘సాధన బాగా సాగుతోంది’ అనుకోవడం మన దగ్గరే కాదు. అమెరికా రన్నర్ మేరీ కెయిన్ 2013లో 17 ఏళ్లకే మాస్కో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో పరుగెత్తింది. 2019లో తనే బయటికొచ్చి చెప్పింది, బరువు తగ్గాలన్న ఒత్తిడి కింద మూడేళ్లు తనకు నెలసరి లేదని, అయిదు ఎముకలు విరిగాయని. తూకం యంత్రం మీద అంకె తగ్గుతూ వచ్చినన్నాళ్లూ ఆమె పరుగు మెరుగుపడలేదు. పారిస్‌లో 50 కిలోల విభాగంలో 100 గ్రాములు ఎక్కువై ఫైనల్‌కు దూరమైన వినేశ్ ఫోగట్‌ది వేరే సంగతి. అది ఒకటి రెండు రోజుల్లో ఒంట్లో నీరు పిండేసే పద్ధతి. అయితే తూకం చెప్పినట్టే తిండి నడవాలన్న అలవాటు రెండు చోట్లా ఒక్కటే.

2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ గుత్తిని విప్పి పెద్దది చేసింది, పేరు కూడా మార్చింది. తిండి చాలకపోతే దెబ్బ తినేది నెలసరీ ఎముకలే కాదని, రోగనిరోధక శక్తి, గుండె, జీర్ణం, మనసు, ఎదుగుదల కూడా అని, ఇది మగపిల్లలకూ వస్తుందని చెప్పింది. మన దగ్గర రక్తహీనత కూడా ఇందులో వచ్చి కలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ట్రాక్ మీద ఆయాసపడే అమ్మాయికి హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఐరన్ మాత్రలు ఇచ్చి పంపితే సగం పనే అయినట్టు.

వైద్యం ఖరీదైనదేమీ కాదు. 2021లో వెలువడిన ‘రీఫ్యూయల్’ పరీక్షలో నెలసరి గాడి తప్పిన, వ్యాయామం చేసే యువతులు ఏడాది పాటు రోజుకు సగటున 330 కేలరీలు ఎక్కువ తిన్నారు, వ్యాయామం మానలేదు. వాళ్లలో 64 శాతం మందికి నెలసరి మెరుగైంది. మామూలుగా తిన్నవాళ్లలో 19 శాతం మందికే. 330 అంటే ఒక గుప్పెడు వేరుశనగపప్పు, ఒక అరటిపండు, ఒక చిన్న కప్పు పెరుగు. మన రన్నరు లెక్కలో కలిపి చూడండి: 2030లోంచి 700 పోతే 1330, కిలోకు 33. గీత దాటింది. ఇంకా 45 కాలేదు గానీ, అది రెండో మెట్టు. ఆ పప్పూ పండూ సాయంత్రానికి దాచకుండా, టీ బండి దగ్గర బిస్కెట్ల పక్కన పెడితే ఇంకా మంచిది.

మాత్రల జోలికి వెళ్లేముందు ఒక్క మాట. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే రక్తస్రావం వస్తుంది. అది మాత్ర తెచ్చిన రక్తస్రావం. ఒంట్లో లోటు అలాగే ఉంటుంది, ఎముకకు ఒరిగేది లేదు. పైగా లోటు ఉందని చెప్పే గుర్తు కాస్తా చెరిగిపోతుంది.

కోలుకునే వేగమూ మూడింటిదీ మూడు రకాలు. తిండి లెక్క రోజుల్లో, వారాల్లో సరిపడుతుంది. నెలసరికి నెలలు పడతాయి. ఎముకకు ఏళ్లు. అందుకే మోకాలి కింద ముందు ఎముక నొప్పి అంటూ వచ్చిన అమ్మాయికి ఎక్స్‌రే రాసేముందు డాక్టరు ‘చివరి డేటు ఎప్పుడమ్మా’ అని అడగాలి. దీనికోసమే 2014లో తయారైన 25 ప్రశ్నల పత్రం ఒకటుంది. అందులో గాయాలు, కడుపు ఉబ్బరం, నెలసరి గురించి అడుగుతారు. 8 మార్కులు గానీ అంతకు మించి గానీ వస్తే ముప్పు ఉందన్నట్టు. కాగితం, పెన్ను చాలు. పత్రం దొరక్కపోతే, కోచ్ దగ్గర ఎటూ ఉండే రిజిస్టర్లో టైమింగులకు, బరువుకు గళ్లు ఉన్నాయి కదా, ఆ బరువు గడి పక్కన డేటుకు ఇంకో గడి గీసి, అది నింపే పని హాస్టల్ మేడమ్‌కు అప్పజెప్పొచ్చు.