కండ్లద్దాలా, లెన్సులా? మా ఆళ్లగడ్డ లెక్క

కాంటాక్ట్ లెన్సుల గురించి నెట్‌లో ఏ వీడియో చూసినా ఏసీ ఆఫీసులో కూర్చునే మనిషి కోసం చేసినట్టే ఉంటుంది. పొద్దున పెట్టుకో, రాత్రి తీసెయ్, స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తే జాగ్రత్త. అంతే. ఎండలో బండి మీద తిరిగేవాళ్లు, మోటారు నీళ్లతో మొహం కడుక్కునేవాళ్లు, శిల్పాల షెడ్డు పక్కన ఇల్లున్నవాళ్లు ఆ వీడియోల్లో ఉండరు. మాది ఆళ్లగడ్డ. మన బ్యాచ్‌లో సగం మందికి సైట్ ఉంది, ట్రెడిషనల్ డే దగ్గర పడితే చాలు అందరూ లెన్సుల గురించే అడుగుతారు. అందుకని ఈ లెక్క ఒకసారి మన వైపు నుంచి వేసి చూద్దామనుకున్నా.

ముందు కొంచెం ఫిజిక్స్. భయపడకండి, భాగహారం వస్తే చాలు. మైనస్ పవర్ ఉన్నవాళ్లు వందని మీ పవర్‌తో భాగించండి. వచ్చిన సంఖ్య సెంటీమీటర్లలో మీ కంటి హద్దు. నాది మైనస్ 3.25. అంటే అద్దాలు తీసేస్తే నాకు 31 సెంటీమీటర్ల దాకా అన్నీ స్పష్టం, ఆ తర్వాత అంతా మసక. ఒక స్కేలు పొడవు ప్రపంచం అన్నమాట. మా అక్కది మైనస్ 6. ఆమె హద్దు దాదాపు 17 సెంటీమీటర్లు, సగం స్కేలు కంటే కాస్త ఎక్కువ.

మన కంటి మొత్తం పవర్ సుమారు 60 డయాప్టర్లు. అందులో 43 దాకా కార్నియాదే, అంటే నల్లగుడ్డు ముందు గాజులా ఉండే పొరది. కనుగుడ్డు ఉండాల్సిన దానికన్నా కొంచెం పొడుగైతే బొమ్మ రెటీనా మీద కాకుండా దానికి ముందే పడుతుంది. అద్దమైనా లెన్సయినా చేసే పని ఒకటే, ఆ బొమ్మని వెనక్కి నెట్టడం. తేడా అంతా అవి ఉండే చోటులోనే ఉంది. అద్దం కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో ముక్కు మీద కూర్చుంటుంది. లెన్స్ కన్నీటి పొర మీద తేలుతుంది.

ఆ 12 మిల్లీమీటర్ల వల్ల పవర్ కూడా మారుతుంది. అక్క లెక్కే చూడండి. 12 మిల్లీమీటర్లంటే 0.012 మీటర్లు. దాన్ని 6తో గుణిస్తే 0.072. దానికి ఒకటి కలిపి, ఆ 1.072తో 6ని భాగిస్తే 5.6 వస్తుంది. కాబట్టి అద్దాల్లో మైనస్ 6 ఉన్న మనిషికి లెన్సుల్లో మైనస్ 5.5 సరిపోతుంది. పవర్ 4 లోపల ఉంటే ఈ తేడా పావు కూడా ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పైగా లెన్స్ డబ్బా మీద 8.6, 14.2 లాంటి అంకెలు ఉంటాయి చూడండి, అవి లెన్స్ వంపు, వెడల్పు. అద్దాల చీటీలో ఇవి ఉండవు. ఆ చీటీని ఫోటో తీసి ఆన్‌లైన్‌లో లెన్సులు ఆర్డర్ పెట్టడం అంటే షూ సైజు చూసి చొక్కా కుట్టించుకోవడమే. సిలిండర్ పవర్ కూడా ఉన్నవాళ్లకి టోరిక్ లెన్స్ కావాలి, అది కంట్లో గుండ్రంగా తిరగకుండా నిలబడాలి, తిరిగిందా చూపు మళ్లీ మసకే. అది కంట్లో పెట్టి చూస్తే గానీ తెలియదు.

పవర్ ఎక్కువ ఉన్నవాళ్లకి లెన్స్ నిజంగానే మేలు. మైనస్ 6 అద్దంలోంచి చూస్తే వస్తువులు చిన్నగా కనిపిస్తాయి, అంచుల్లో వంగినట్టుంటాయి. లెన్స్ కంటితో పాటే కదులుతుంది కాబట్టి పక్కచూపు కూడా శుభ్రంగా ఉంటుంది. ఒక కంటికీ ఇంకో కంటికీ పవర్ బాగా తేడా ఉన్నవాళ్లకైతే రెండు బొమ్మలూ రెండు సైజుల్లో కనిపించే ఇబ్బంది లెన్స్‌తో బాగా తగ్గుతుంది. ఇక కెరటోకోనస్ అని ఒకటుంది. కార్నియా పలచబడి శంఖంలా ముందుకు సాగుతుంది, సాధారణంగా మన వయసులోనే మొదలవుతుంది, కళ్లు బాగా నులుముకునే అలవాటుకీ దానికీ సంబంధం ఉందని డాక్టర్లు చెబుతారు. అది కాస్త ముదిరితే ఎంత ఖరీదైన కళ్లద్దాలైనా చూపు సరిగ్గా రాదు. గట్టి లెన్స్ పెడితే దానికీ వంకర కార్నియాకీ మధ్య ఖాళీని కన్నీళ్లు నింపేస్తాయి, అలా నున్నటి ఉపరితలం తయారవుతుంది. వాళ్లకి లెన్స్ ఫ్యాషన్ కాదు, చూపే అది. ఆరు నెలలకోసారి సిలిండర్ పెరుగుతున్నవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుని డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు లెన్స్‌తో వచ్చే చిక్కు. కార్నియాలో రక్తనాళాలు ఉండవు. ఉంటే అది గాజులా ఉండదు కదా. అందుకని దానికి కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం నేరుగా గాలి నుంచి కన్నీళ్ల ద్వారా అందుతుంది. లెన్స్ పెట్టామంటే ఆ కిటికీకి తలుపు వేసినట్టే. 1888లో ఫిక్ అనే జర్మన్ డాక్టర్ గాజు లెన్సులు తయారుచేసినప్పటి నుంచీ అసలు పోరాటం ఈ తలుపుతోనే. దాన్ని కొంచెం తెరిచినవాడు చెకోస్లొవేకియా కెమిస్ట్ ఒట్టో విక్టర్‌లే. 1961 క్రిస్మస్ సెలవుల్లో ఇంట్లోనే పిల్లల మెర్కూర్ సెట్ ముక్కలతో (మన మెకానో లాంటిది) ఒక గిర్రున తిరిగే యంత్రం చేసి, సైకిల్ డైనమోతో తిప్పి, నీళ్లు పీల్చుకునే మెత్తటి ప్లాస్టిక్‌తో లెన్సులు పోశాడు. మన మినీ ప్రాజెక్టులకి బడ్జెట్ చాలదని ఏడ్చే ముందు ఆయన్ని తలుచుకోవాలి. 1971లో అమెరికాలో ఆ మెత్తటి లెన్సులకి అనుమతి వచ్చింది. 1999 ప్రాంతంలో సిలికోన్ హైడ్రోజెల్ వచ్చాక ఆక్సిజన్ ఇంకా చాలా ఎక్కువ దూరుతోంది. అయినా నిద్రలో రెప్పలు మూసుకుంటే తలుపు మీద తలుపు. లెన్సులతో పడుకుంటే ఇన్‌ఫెక్షన్ ప్రమాదం ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. రెక్కార్డ్ రాస్తూ రాస్తూ అలాగే నిద్రపోయే మనకి ఇది చిన్న విషయం కాదు.

అలాగని హడలెత్తాల్సినంతా లేదు. 1989లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతం మీద వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, మెత్తటి లెన్సులు పగలు పెట్టుకుని రాత్రి తీసేవాళ్లలో ఏడాదికి పదివేల మందిలో నలుగురికి కార్నియా మీద పుండు పడింది. రాత్రి కూడా ఉంచుకునే రకం వాడేవాళ్లలో 21 మందికి. నలుగురంటే తక్కువే. కానీ ఆ లెక్క న్యూ ఇంగ్లండ్‌ది.

ఆళ్లగడ్డలో ఏముంటుందో చూద్దాం. మా ఊరు శిల్పాలకి పేరు, ఆ రాతిపనికి జీఐ గుర్తింపు కూడా ఉంది. ఉలి దెబ్బకి చిప్పలు ఎగురుతాయి, గ్రైండర్ పెడితే పిండిలాంటి దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము నలుసు ఒకటి అద్దం మీద పడితే చొక్కా అంచుతో తుడిచేస్తాం. (తుడవకూడదు, గీతలు పడతాయి, అయినా అందరం తుడుస్తాం.) అదే నలుసు లెన్స్ కిందికి వెళ్తే రెప్ప ఆర్పిన ప్రతిసారీ కార్నియాని గీకుతుంది. ఆ గీతే క్రిములకి దారి. మామూలు కళ్లద్దాలు శిల్పి పనిలో రక్షణ గాగుల్స్‌కి సమానం కాదు, కానీ లెన్సుల కంటే ఎంతో నయం. బండి మీద నంద్యాల హైవే ఎక్కినా ఇదే కథ. హెల్మెట్ అద్దం దించకుండా లెన్సులతో నలభై కిలోమీటర్లు పోతే దుమ్ము సంగతి అటుంచి గాలికే లెన్స్ ఎండిపోతుంది.

మిరపకాయలు ఇంకోటి. కళ్లంలో మిరప ఏరిన చెయ్యి, ఆవకాయ కలిపిన చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడిగినా మంట పూర్తిగా వదలదు. ఆ వేలితో లెన్స్ తీయడం ఊహించుకోండి చాలు, వివరించను.

అన్నిటికంటే పెద్దది నీళ్లు. కుళాయి నీళ్లలో, బోరు నీళ్లలో, చెరువులో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. లెన్స్ లేని కంటికి దానివల్ల హాని చాలా అరుదు. లెన్స్‌కి అంటుకుని కార్నియాలో దూరిందంటే మాత్రం నెలల తరబడి వైద్యం, భయంకరమైన నొప్పి, ఒక్కోసారి చూపే పోతుంది. అందుకే లెన్స్‌ని గానీ డబ్బాని గానీ నీళ్లతో కడగొద్దంటారు. ఆర్‌వో నీళ్లు, కాచిన నీళ్లు, ఉమ్ము, ఏదీ పనికిరాదు, సొల్యూషన్ ఒక్కటే. మహానంది కోనేటి నీళ్లు అడుగున రూపాయి బిళ్ల కనిపించేంత తేటగా ఉంటాయి, నాకెంతో ఇష్టం. కానీ తేటగా ఉండటానికీ అమీబా లేకపోవడానికీ సంబంధం లేదు. అక్కడ మునిగే ముందైనా, అహోబిలం కొండల్లో జలపాతం కింద నిలబడే ముందైనా లెన్సులు తీసెయ్యాలి. తీసి పెట్టుకోవడానికి శుభ్రమైన చేతులు, డబ్బా, సొల్యూషన్ కావాలి. కొండ మీద ఇవన్నీ ఎక్కడ తెస్తాం? ఇలాంటి రోజు పొద్దున్నే అద్దాలు పెట్టుకుని బయల్దేరితే గొడవే ఉండదు.

కన్ను ఎర్రబడితే మన ఊళ్లలో చేసే మొదటి పని మెడికల్ షాపుకెళ్లి "కంట్లో వేసుకునే మందు ఇయ్యన్నా" అనడం. వాళ్లు ఇచ్చే చుక్కల్లో తరచూ స్టెరాయిడ్ ఉంటుంది. సీసా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అని చిన్న అక్షరాల్లో రాసుంటుంది, చూడండి. ఎరుపు వెంటనే తగ్గుతుంది కాబట్టి మంచి మందే అనిపిస్తుంది. లోపల ఉన్నది ఫంగస్ అయితే అది ఆ చల్లటి నీడలో హాయిగా పెరుగుతుంది. దక్షిణ భారతదేశంలో కార్నియా పుండ్లలో ఫంగస్ వాటా చాలా ఎక్కువ, వరి ఆకో పుల్లో కంటికి గీసుకుని వచ్చేవే బోలెడు. పొలం పని ఉన్న ఇళ్లలో అందరికీ తెలియాల్సిన విషయం ఇది, లెన్సులు ఉన్నా లేకపోయినా. లెన్సులు వాడేవాళ్లలో కనిపించే సూడోమోనాస్ అనే బాక్టీరియా అయితే ఇంకా తొందరగలది, ఒకట్రెండు రోజుల్లోనే కార్నియాని తినేయగలదు. ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్ల చుక్క, వీటిలో ఏది కనబడినా లెన్స్ తీసెయ్యాలి, మళ్లీ పెట్టకూడదు, ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తీసిన లెన్స్‌నీ డబ్బానీ పారెయ్యకుండా వెంట తీసుకెళ్తే ఏ క్రిమో ల్యాబ్‌లో పట్టుకోవడం సులువవుతుంది. మా ఊరి నుంచి నంద్యాల నలభై కిలోమీటర్లు, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్న కర్నూలు వందకు పైన. రాత్రి పదకొండుకి కన్ను మండితే ఆ దూరం కూడా లెక్కలోకి వస్తుంది.

ఇంత చదివాక లెన్సులు వద్దంటున్నానని అనుకోకండి. అక్క సంగతి చెప్తా. పోయినేడు ఒక సంబంధం వచ్చింది. "పెండ్లిచూపులకన్నా ఆ కండ్లద్దాలు తీసిపెట్టి లెన్సులు పెట్టుకోమ్మా" అని మా అమ్మ రెండు రోజులు బతిమాలింది. అక్క ఒకటే మాట అనింది: "ఆయప్పకూ కండ్లద్దాలుండాయి కదమ్మా. ఆయప్ప తీసేసి వస్తాడంటనా?" అమ్మ దగ్గర జవాబు లేదు. అక్క సోడాబుడ్డి అద్దాలతోనే కూర్చుంది. ఆ సంబంధం కుదరలేదు, కట్నం దగ్గర తేడా వచ్చింది, అది వేరే కథ. నెల తర్వాత అదే అక్క బెంగళూరులో తనంతట తను వెళ్లి లెన్సులు తెచ్చుకుంది. ఆఫీసులో షటిల్ ఆడుతుంది, అద్దాలు చెమటకి జారిపోతున్నాయని. అక్కడ రోజూ తొమ్మిది గంటలు పెట్టుకుంటుంది. ఊరికొచ్చే బస్సెక్కే ముందు తీసేసి అద్దాలు పెట్టుకుంటుంది, ఆళ్లగడ్డలో ఉన్నన్నాళ్లూ అవే. కళ్లు అవే, మనిషి ఆమే, ఊరు మారితే జవాబు మారింది. నాకు ఇది చాలా సరైన పద్ధతి అనిపించింది.

రంగు లెన్సుల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ట్రెడిషనల్ డేకి అడిగేది ఎక్కువగా అవే. పవర్ లేకపోయినా అది కార్నియా మీద కూర్చునే లెన్సే, పైన చెప్పిన ప్రమాదాలన్నీ దానికీ ఉన్నాయి. ఫ్యాన్సీ షాపులో కొలత లేకుండా కొనడం, ఒక జత తెచ్చి ముగ్గురు వంతులేసుకోవడం రెండూ వద్దు. కాటుక, మస్కారా వేసుకోక ముందే లెన్స్ పెట్టాలి, రాత్రి మేకప్ తుడవక ముందే తీయాలి.

ఖర్చు దగ్గర కళ్లద్దాలదే గెలుపు, వాదన అక్కర్లేదు. ఒకసారి కొంటే ఏడాదో రెండేళ్లో వస్తాయి. లెన్సులకి జతల మీద జతలు, సొల్యూషన్, మూడు నెలలకో కొత్త డబ్బా. 2019 అక్టోబర్ 10న అనంతపురంలో మొదలైన కంటి వెలుగు పథకంలో బడి పిల్లలకి కళ్లద్దాలే ఇచ్చారంటే కారణం ఊహించడం కష్టం కాదు. నిర్వహణ అక్కర్లేని హార్డ్‌వేర్ అది. స్క్రీన్ ముందు కూర్చుంటే రెప్పలు ఆర్పడం సగానికి సగం తగ్గుతుంది, కాబట్టి ల్యాబ్ ఎక్కువున్న రోజు కూడా లెన్సులు పొడిబారి గుచ్చుకుంటాయి. అన్నట్టు ఆ నీలి కాంతి అద్దాలకి అదనంగా డబ్బు కట్టొద్దు. 2023లో కోక్రేన్ సంస్థ పరిశోధనలన్నీ కలిపి చూసి, కంటి అలసట తగ్గించడంలో వాటివల్ల స్వల్పకాలంలో పెద్ద ప్రయోజనం కనబడలేదని తేల్చింది.

నేను ఈ సెలవుల తర్వాత ఒకరోజు వాడి పారేసే రకం లెన్సులు తీసుకుంటున్నా. ఫెస్ట్‌కి, వాలీబాల్ మ్యాచ్‌లకి మాత్రమే, నెలకి నాలుగైదు జతలు. వాటికి డబ్బా వద్దు, కడగడం వద్దు, రాత్రి చెత్తబుట్టలోకి. కొనే చోట కార్నియా వంపు కొలుస్తారా, ట్రయల్ లెన్స్ పెట్టి చూస్తారా అని ముందే ఫోన్ చేసి కనుక్కున్నా. వాళ్ల ముందే నా చేతులతో మూడుసార్లు పెట్టి తీసి చూపిస్తేనే ప్యాకెట్ ఇస్తామన్నారు, మంచిదే. పాత అద్దాలు బ్యాగులోనే ఉంటాయి. ఊరికి వెళ్లేటప్పుడు మాత్రం లెన్స్ ప్యాకెట్ హాస్టల్ అల్మారాలోనే.