స్కూకిల్ నదిపై పడవల క్లబ్బులు

పడవ పందెమనగానే మన కండ్ల ముందు మెదిలేవి కేరళ దేశపు పాము పడవలు. పాట పాడుతూ వందమంది ఒక్క ఊపున తెడ్లు వేసే ఆ సంబరం ఊరంతటి పండుగ. ఇక్కడ చెప్పబోయేది వేరొక జాతి పడవను గురించి. దాని పొడవు సుమారు అరవై అడుగులు. వెడల్పు రెండడుగులకు మించదు. ఎనిమిదిమంది ఒకరి వెనుక ఒకరు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క తెడ్డును రెండు చేతులతో పట్టి లాగుతారు. కూర్చునే పీటలు చిన్న చక్రాలపై ముందుకూ వెనుకకూ జారుతాయి; కావున బలమంతా భుజాలలో నుంచి గాక తొడలలో నుంచి వస్తుంది. వీరు పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. ముందేమున్నదో చూచేవాడు చుక్కాని పట్టే తొమ్మిదవవాడు ఒక్కడే.

ఇంత సన్నని పడవకు అలలంటే భయం. సుడులు పనికిరావు, అడుగున ఇసుక మేటలు పనికిరావు. పెద్ద పందేనికి రెండువేల మీటర్ల దూరం కావాలి. అంత దూరమూ తిన్నగా, లోతుగా, నిశ్చలంగా ఉండే నీరు కావాలి. డబ్బుంటే పడవను కొనవచ్చు, తెడ్లు కొనవచ్చు, గురువును కూడ నియమించుకోవచ్చు. నీటిని మాత్రం ఏ క్లబ్బూ కొనలేదు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో స్కూకిల్ నది ఒడ్డున నూటయాభై సంవత్సరాలకు పైగా నడుస్తున్న పడవల క్లబ్బుల చరిత్ర చాలవరకు బోధపడుతుంది.

స్కూకిల్ అన్నది డచ్చివారు పెట్టిన పేరు; దాగిన ఏరు అని దానికి అర్థం చెబుతారు. దాని ఇంగ్లీషు వర్ణక్రమం చూచి సరిగా పలికిన పరదేశి అరుదు. 1793లో ఫిలడెల్ఫియాను విషజ్వరం పట్టి పీడించినది. మంచినీరు లేకపోవడమే కారణమని నాటి పెద్దలు నమ్మారు. నిజానికి ఆ జ్వరం దోమ వలన వచ్చేదని తెలియడానికి మరొక వందేండ్లు పట్టినది. అయితే ఆ పొరపాటు నమ్మకం వలన నగరానికి మేలే జరిగినది. నీటి సరఫరాకు యంత్రాలు వెలిశాయి. ఫెయిర్‌మౌంట్ అనేచోట నదికి అడ్డంగా ఆనకట్ట లేచినది. 1822లో ఆ నీటితోనే తిరిగే చక్రాలు నీటిని గుట్టపైకి తోడసాగాయి. ఆనకట్టకు దిగువన సముద్రపు ఆటుపోట్లు. ఎగువన మైళ్ళకొలది అద్దంవంటి నీరు. ధవళేశ్వరం ఆనకట్ట పైన రాజమహేంద్రవరం వద్ద వేసవిలో గోదావరి ఎట్లా నిండుగా, కదలక నిలిచి ఉంటుందో చూచినవారికి వేరే వర్ణన అక్కరలేదు. కాటన్ దొర పొలాలకు నీళ్ళివ్వడానికి కట్టినాడు; ఫిలడెల్ఫియా వారు కుండలు నింపుకోవడానికి కట్టారు. పడవ పందేల ఊసు ఇద్దరి తలపులోనూ లేదు.

నీరు నిలిచినది గనుక కుర్రవాళ్ళు దిగారు. 1835 నాటికే పందేలు జరిగాయి. 1850 దశకంలో బాచిలర్స్, యూనివర్సిటీ, అన్‌డైన్ మొదలైన క్లబ్బులు పుట్టాయి. 1858లో అవన్నీ చేరి ‘స్కూకిల్ నౌకాదళం’ అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. పేరు విని తుపాకులు ఊహించవద్దు. పందేలలో మోసాలను, జూదాన్ని అరికట్టి, నియమాలు పెట్టడానికి ఏర్పడిన క్రీడాసంఘమది, ఇప్పటికీ పనిచేస్తున్నది.

ఇక భూమి సంగతి. త్రాగే నీరు చెడకుండా కాపాడుకోవాలని నగరం 1844లో ఒడ్డున ఉన్న లెమన్ హిల్ అనే తోటను కొన్నది. 1855లో అది ప్రజల ఉద్యానవనమైనది. క్లబ్బులవారు అప్పటికి ఒడ్డున వేసుకున్నవి కలప పాకలు. 1860 దశకంలో నగరం వాటిని తీసివేయించి, రాతితో, చూడముచ్చటగా కట్టేవారికే చోటిస్తామన్నది. ఆ షరతు పుణ్యమా అని నేడు చూచేవారు మెచ్చుకునే ఇండ్ల వరుస వెలసినది. ఒకటి నుంచి పదిహేను వరకు సంఖ్యలు వేసిన ఇండ్లు. ఒకదానికి శిఖరం, ఒకదానికి వసారా, చివరి దానికి చిన్న దీపస్తంభం. అన్‌డైన్ వారి ఇల్లు ఫ్రాంక్ ఫర్‌నెస్ అనే ప్రసిద్ధ శిల్పి గీసినది. 1979లో ఈ ఇండ్ల అంచుల వెంట దీపాలు అమర్చారు; రాత్రివేళ ఆ వెలుగు నదిలో రెట్టింపై కనిపిస్తుంది. 1987లో జాతీయ చారిత్రక చిహ్నమనే హోదా లభించినది. ఇండ్లు క్లబ్బులు కట్టుకున్నవే. నేల మాత్రం నగరానిది. కావున పైకప్పు మార్చాలన్నా, వసారా పెంచాలన్నా, రేవుబల్ల కొత్తది వేయాలన్నా నగరంతో మాటలు తప్పవు.

క్లబ్బుకు సంవత్సరం పొడుగునా పని ఉంటుంది. చలికాలంలో ఇంటిలోపల, తెడ్డువేతను అనుకరించే యంత్రాలపై చెమటోడ్చుతారు. చలి తగ్గీ తగ్గకమునుపే, తెల్లవారకమునుపే, చేతులు కొంకర్లు పోతుండగా పడవను భుజాలమీద మోసుకుని రేవుకు దిగుతారు. వసంతకాలం పరుగు పందేలది. మే నెలలో కళాశాలలకు ‘డాడ్ వెయిల్’ పందేలు, పాఠశాలలకు 1927లో మొదలైన ‘స్టోట్స్‌బరీ కప్పు’ పందేలు. ఈ రెండవదానికి వచ్చే పిల్లల సంఖ్య వేలలో ఉంటుంది, ఒడ్డంతా డేరాలే. జూలైలో స్వాతంత్ర్యదినపు పందేలు. ఆకురాలు కాలంలో రెండున్నర మైళ్ళ దూరపు పందేలు. అందులో పడవలన్నీ ఒకేసారి బయలుదేరవు, ఒకదాని వెనుక ఒకటిగా గడియారంతో పోటీ పడతాయి.

ఇంతటికీ డబ్బు ఎక్కడిది? సభ్యుల చందాలు మొదటిది. సొంత పడవశాల లేని పాఠశాలలు, కళాశాలలు క్లబ్బు ఇంట్లో చోటు తీసుకుని ఇచ్చే అద్దె రెండవది. పెద్ద హాలున్న క్లబ్బులు పెండ్లి విందులకు కూడ అద్దెకిస్తాయి. ఆపైన పాత సభ్యుల విరాళాలు. ఇందులో వింతేమీ లేదు. మన ఊళ్ళలో గ్రంథాలయాలూ నాటక సమాజాలూ నడిచినది ఇట్లాగే గదా. అయితే ఒకప్పుడు ఈ నది క్లబ్బు ఒకటి చందాలు పోగుచేయడమే నేరమై కూర్చున్నది.

ఆ క్లబ్బు పేరు వెస్పర్. 1900లోనూ 1904లోనూ ఒలింపిక్ క్రీడలలో ఎనిమిది తెడ్ల పందెం గెలిచిన క్లబ్బది. 1905లో ఇంగ్లండులోని హెన్లీ పందేలకు పోవడానికి దారిఖర్చులకు డబ్బు చాలక, ఊరివారి వద్ద చందాలు వసూలు చేసినది. చందా డబ్బుతో వచ్చినవారు నిజమైన ఔత్సాహికులు కారని హెన్లీ పెద్దలు నిశ్చయించి, 1906లో వెస్పర్ క్లబ్బు ప్రవేశాన్నే నిషేధించారు. పదునాలుగేండ్ల తరువాత ఆ దెబ్బ జాన్ కెల్లీ అనే యువకునికి తగిలినది. అతడు ఇటుకలు పేర్చి బ్రతికిన తాపీపనివాడు, వెస్పర్ సభ్యుడు. 1920లో హెన్లీకి అతని దరఖాస్తు తిరస్కృతమైనది. క్లబ్బుపై నిషేధం ఒక కారణం. కూలిపని చేసినవాడు పోటీకి అనర్హుడన్న నాటి నియమం మరొకటి. ఒంటి చేత్తో ఇల్లు కట్టగలిగినవానికి తెడ్డు పట్టే యోగ్యత లేదనడాన్ని క్రీడాధర్మమని పిలవడానికి నాకు నోరు రాదు. ఆ యేడు హెన్లీలో ఒంటరి పడవ పందెం గెలిచినవాడు జాక్ బెరెస్‌ఫర్డ్. కొద్ది వారాలకే ఆంట్‌వెర్ప్ ఒలింపిక్ క్రీడలలో కెల్లీ ఆ బెరెస్‌ఫర్డ్‌నే ఓడించాడు; అదే రోజున పాల్ కాస్టెల్లోతో కూడి జంట పందెమూ గెలిచాడు. హెన్లీ వారు కూలిపని నియమాన్ని 1937లో తొలగించారు. 1947లో కెల్లీ కుమారుడు అక్కడికి వెళ్ళి, తండ్రికి దక్కని ఆ బహుమతిని గెలిచి తెచ్చాడు. సినీనటి గ్రేస్ కెల్లీ ఈ తాపీపనివాని కుమార్తె.

తలుపు మూయడం హెన్లీ వారొక్కరే నేర్చిన విద్య కాదు. ఈ నది క్లబ్బులే చాలకాలం స్త్రీలను రానివ్వలేదు. భర్తలు పడవ నడుపుతుంటే రేవుబల్ల మీద నిలుచుని చూచి విసిగిన స్త్రీలు, ఎర్నెస్టీన్ బేయర్ అనే ఆమె పూనికతో, 1938లో తమకొక క్లబ్బు పెట్టుకున్నారు. వరుసలో 14వ ఇల్లు అప్పటిదాకా మంచుపై జారేవారి సంఘానిది, 1860 నాటిది; అది వారికి దొరికినది. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల పడవ పందేలు 1976లో గాని రాలేదు. వీరు అంతకు ముప్పది ఎనిమిదేండ్ల ముందే నీటిలోకి దిగారు.

ఇటీవలి కాలంలో చిక్కులన్నీ ఒడ్డు గురించీ అడుగున చేరే మట్టి గురించీ. 2009లో నగరానికి ఆర్థికపు ఇబ్బంది వచ్చి, పందేలనాడు పెట్టే పోలీసు బందోబస్తు మొదలైన సేవలకు రుసుము అడిగినది. డాడ్ వెయిల్ నిర్వాహకులు ఆ భారం మోయలేమని, పందేలను న్యూజెర్సీ రాష్ట్రంలోని రమ్సన్ అనే ఊరికి తరలిస్తామని ప్రకటించారు. కొద్ది వారాలలో దాతలు ముందుకు వచ్చారు, నగరం దిగివచ్చినది, పందేలు నిలిచాయి.

దీనికన్న గట్టి పరీక్ష టెంపుల్ విశ్వవిద్యాలయపు జట్టుది. నదికి ఎగువన స్ట్రాబెరీ మాన్షన్ వంతెన దగ్గర 1914 నాటి పడవశాల ఒకటి వారికి ఆధారం. అది శిథిలమై, 2008లో ప్రమాదకరమని మూతపడినది. ఆ తరువాత విద్యార్థులు డేరాలలో పడవలు పెట్టుకుని, కుళాయి నీరైనా లేకుండా సాధన చేశారు. విశ్వవిద్యాలయం ఉద్యానవనభూమిలో కొత్త పడవశాల కట్టాలని కోరినది. అయితే ఉద్యానవనభూమి తీసుకునేవారు దానికి బదులు భూమి ఇవ్వాలని 2011 నాటి నగర శాసనం చెబుతున్నది. ఆ ముడి విడలేదు. 2013 డిసెంబరులో విశ్వవిద్యాలయం ఖర్చు తగ్గించే నెపంతో పడవ జట్లతో సహా ఏడు క్రీడలను రద్దు చేసినది.

విద్యార్థుల పక్షాన జాలిపడడం తేలిక. కాని శాసనమూ తప్పు కాదని నా అభిప్రాయం. ప్రజల తోటలో ఒక మంచి పనికి ఒక మూల, మరొక మంచి పనికి మరొక మూల ఇస్తూపోతే చివరకు తోట మిగలదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డు ఎన్ని ‘మంచి పనులకు’ కరిగిపోయినదో ఎరిగినవారికి ఇది చెప్పనక్కరలేదు. కథ చివరకు ఎట్లా తెమిలినదంటే, కొత్తది కట్టడం మాని పాతదాన్నే బాగుచేయాలన్నారు. 2014 ఫిబ్రవరిలో జెరీ లెన్‌ఫెస్ట్ అనే దాత 30 లక్షల డాలర్లు, నగరం 25 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పడవ జట్లు రెండూ నిలిచాయి, పాత శాలకు జీర్ణోద్ధరణ జరిగినది. రద్దయిన తక్కిన క్రీడలకు అటువంటి దాత దొరకలేదు.

మట్టి సంగతి ఇంకా పాతది. ఆనకట్ట నీటిని నిలుపుతుంది. నిలిచిన నీరు తాను మోసుకొచ్చిన మట్టిని అక్కడే దింపుతుంది. ఏ కారణాన ఈ నీరు పడవకు అనువైనదో, ఆ కారణాననే అది పూడిపోతుందన్నమాట. ఒకప్పుడు ఎగువ గనుల నుంచి బొగ్గు పొడి దిగి నది నల్లబడితే, 1940 దశకం చివర ప్రభుత్వం పూనుకుని తోడించినది. ఇటీవల ఒడ్డు ప్రక్కనున్న పందెపు బాటలు లోతు తగ్గి, సమానంగా లేకపోవడంతో, కొన్ని బాటలవారికి అన్యాయం జరుగుతున్నదని ఫిర్యాదు పుట్టినది. లోతు తక్కువైనచోట పడవ బరువెక్కినట్లు నడుస్తుంది. సరిసమానంకాని నీటిలో గెలిచినవానికి గెలుపూ లేదు, ఓడినవానికి ఓటమీ లేదు. క్లబ్బులూ విశ్వవిద్యాలయాలూ నగరమూ ఏండ్ల తరబడి కూడబెట్టగా, 2020లో నలభై లక్షల డాలర్లకు పైగా వెచ్చించి, సైనిక ఇంజనీర్ల ఆధ్వర్యాన పందెపు మార్గాన్ని తవ్వించారు.

మరుసటి యేడే, 2021 సెప్టెంబరు మొదటి వారంలో, ఐడా తుపాను వచ్చినది. స్కూకిల్ 16 అడుగులు దాటి పొంగినది; 1869 తరువాత అంత వరద ఎవరూ ఎరుగరు. నీరు తగ్గిన తరువాత క్లబ్బులవారు పారలు పట్టుకుని వచ్చి, తమ ఇండ్ల క్రింది అంతస్తులలో మోకాటిలోతు బురద ఎత్తిపోశారు. రేవుబల్లలు సరిచేసుకుని, సాధన తిరిగి మొదలుపెట్టారు. 2023లో వరుస ఇండ్ల దీపాలు మార్చడానికి ఒక సంవత్సరంపాటు ఆర్పివేస్తే, రాత్రి ఆ దారిన పోయేవారికి ఏదో కొరతగా తోచినదట. 2024 వసంతంలో కొత్తవి వెలిగాయి. ఆనకట్ట వెనుక మట్టి మాత్రం ఎప్పటివలెనే దిగుతున్నది. దానిని మరల తోడే ఖర్చుకు క్లబ్బులు మరల చందా పుస్తకం తెరవవలసి ఉన్నది.