కన్నీరు పెట్టనివారి దుఃఖము

మా పొరుగింట నిద్దరు తోడికోడండ్రు గలరు. పెద్దామె నవ్విన నిల్లెల్ల మ్రోగును; ఏడ్చిన వీథియెల్ల వినబడును. చిన్నామె గొంతెత్తి యెరుగదు. పెద్దామె కేమి కీడు మూడునోయని మేము భయపడుచు, చిన్నామె నిబ్బరమును మెచ్చుకొనుచుంటిమి. తుదకు నిద్రాహారములు మాని మంచము పట్టినది చిన్నామెయే. "అక్కా, ఏడాది క్రిందట విన్న యొక మాటనే రాత్రులెల్ల తలపోసికొనుచున్నాను. తప్పంతయు నాదే యనిపించుచున్నది" అని యామె చెప్పిననాడు మా పొరపాటు మాకు తెలియవచ్చినది.

మనము రెండు వేఱు గుణముల నొక్కటిగా నెంచుచున్నాము. మొదటిది భావతీవ్రత. అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు లార్సెన్, డీనర్ గారలు 1980 తరువాతి సంవత్సరములలో దీనిని పరిశోధించి, ఇట్టివారు దుఃఖమునే గాక సంతోషమును సైతము గాఢముగా ననుభవింతురని చూపిరి. రెండవది చింతాశీలము, దీనిని శాస్త్రజ్ఞులు న్యూరోటిసిజమందురు. స్వల్పవిషయమునకే కలతపడుట, తన్ను తాను నిందించుకొనుట దీని లక్షణములు. కుంగుబాటు, అనగా డిప్రెషను వ్యాధితో నెక్కువ సంబంధము గలది యీ రెండవ గుణమే. దుఃఖమును మరల మరల నెమరువేయువారికి కుంగుబాటు దీర్ఘమగునని సుసాన్ నోలెన్-హోక్సెమా యను విదుషి 1991లో సిద్ధాంతీకరించెను.

అయినను శీలము విధివ్రాత గాదు. చింతాశీలురలో ననేకుల కీ వ్యాధి రానేరాదు. నిబ్బరముగా గనబడువారికిని రావచ్చును. కావున గుణమును గాక గుర్తులను చూడవలయును. రెండు వారములపాటు దాదాపు ప్రతిదినము విచారముగా నుండుట, ప్రియమైన పనులయందును మనసు నిలువకుండుట, నిద్రయు నాకలియు మారుట, తాను పనికిమాలినదాననుకొనుట కనబడినచో వైద్యుని చూపవలయును. చావు తలంపు వచ్చినచో నొక్కదినమైనను జాగు చేయరాదు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ 14416 సంఖ్యకు ఫోను చేసి, యే వేళనైనను వ్యయము లేకుండ సలహా పొందవచ్చును.

గీతయందు మొదటి యధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. ఆ యధ్యాయమున అర్జునుడు తన దుఃఖమును చెప్పుకొనుచున్నంతసేపు శ్రీకృష్ణు డడ్డుపలుకలేదు, ఉపదేశము పిమ్మటనే. మనమో, వినకమున్నే "ధైర్యము తెచ్చుకొమ్ము" అందుము.

చిన్నామె చికిత్స పొంది తేరుకొనుచున్నది. పెద్దామె యేడ్పు మాకిప్పుడు భయము గొల్పదు. చిన్నామె మౌనమును మాత్రము నిబ్బరమనుకొని యూరకుండము, దాపున గూర్చుండి, "ఏమమ్మా, రాత్రి నిద్ర పట్టినదా?" యని యడుగుచున్నాము.