ఆన్‌లైన్ ఆంగ్ల బోధన: ఒక పాఠానికి ఒకే అంశం

ఆంగ్లం నేర్చుకునే వారికి ఆన్‌లైన్‌లో అందించే పాఠం చిన్నదైతే చాలదు. అది ఒకే అంశాన్ని సంపూర్ణంగా బోధించాలి.

కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన 'దీక్షా' వేదిక ద్వారా, పాఠ్యపుస్తకాలలో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి విద్యార్థులు డిజిటల్ పాఠాలను చూడవచ్చు. అయితే ఇంటిల్లిపాదికీ ఒకే సెల్‌ఫోన్ ఉన్న కుటుంబంలో అది విద్యార్థి చేతికి వచ్చేది కొద్దిసేపు మాత్రమే. ఆ వ్యవధిలోనే పాఠం పూర్తి కావాలి.

తెలుగు విద్యార్థి తడబడే చోటనే పాఠం ఆరంభం కావాలి. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది; ఆంగ్లంలో కర్త వెంటనే వస్తుంది. 'బల్ల మీద' అన్నప్పుడు 'మీద' నామవాచకం తరువాత ఉంటే, 'ఆన్ ది టేబుల్' అన్నప్పుడు 'ఆన్' ముందుంటుంది. 'ది' వంటి ఉపపదాలు తెలుగులో లేనే లేవు. ఈ మూడు అంశాలకు మూడు వేర్వేరు పాఠాలు రూపొందించాలి.

ప్రతి పాఠంలోనూ రెండు మూడు ఉదాహరణలు, స్పష్టమైన ఉచ్చారణ, విద్యార్థి స్వయంగా పలికేందుకు విరామం, చివర ఒక ప్రశ్న ఉండాలి. జవాబు తప్పయితే కారణాన్ని తెలుగులో వివరించాలి. మరుసటి పాఠాన్ని పాత అంశంపై ప్రశ్నతో ప్రారంభిస్తే నేర్చినది నిలుస్తుంది. విడుదలకు ముందు ప్రతి పాఠాన్నీ ఒక ప్రభుత్వ పాఠశాల తరగతిలో పరీక్షించి చూడడం శ్రేయస్కరం.