గోల్కొండ హమీద్ అలీ ఖాన్ ‘లయన్’ ఎలా అయ్యాడు?

సీతాఫల్‌మండిలో మా గల్లీ చివర చాయ్ హోటల్ ఉంది. మొన్న అక్కడ ఇద్దరు పిల్లగాళ్లు గొంతు మార్చి ‘మోనా డార్లింగ్’ అనుకుంటూ పడీ పడీ నవ్వుతున్నారు. ఆ గొంతు ఎవరిదని అడిగితే “విలన్ అజిత్‌ది గదా భాయ్” అన్నారు. ఆయన అసలు పేరు, ఊరు అడిగితే మాత్రం తెలియదన్నారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన ఒకాయన “మన గోల్కొండ ఆయనే బేటా” అన్నాడు.

నిజమే. అజిత్ అసలు పేరు హమీద్ అలీ ఖాన్. 1922 జనవరి 27న గోల్కొండలో పుట్టారు. తండ్రి నిజాం సైన్యంలో పనిచేసేవారు. చదువు వరంగల్, హనుమకొండలో సాగింది. సినిమా పిచ్చితో కాలేజీ పుస్తకాలు అమ్మేసి, ఆ డబ్బుతో బొంబాయి రైలెక్కారని చెబుతారు. అక్కడ మొదట్లో తలదాచుకోవడానికి చోటు లేక పెద్ద సిమెంటు పైపుల్లో పడుకున్నారట.

హీరోగా మొదలు

1946లో ‘షాహె మిస్ర్’తో హీరో అయ్యారు. 1950లో మధుబాలతో ‘బేకసూర్’ చేసేటప్పుడు దర్శకుడు కె. అమర్‌నాథ్ పేరు మరీ పొడుగ్గా ఉందని చెప్పడంతో ‘అజిత్’ అయ్యారు. అంటే ఓటమి లేనివాడని అర్థం. ‘నాస్తిక్’ (1954), ‘బారాదరి’ (1955) బాగానే ఆడాయి. కానీ మెల్లగా హీరో వేషాలు తగ్గాయి. ‘నయా దౌర్’ (1957)లో దిలీప్ కుమార్ పక్కన స్నేహితుడి పాత్ర వేశారు. ‘ముఘల్ ఎ ఆజమ్’ (1960)లో సలీమ్ కోసం ప్రాణమిచ్చే దుర్జన్ సింగ్ ఆయనే.

ఇక్కడ ఒక లెక్క అర్థం చేసుకోవాలి. నేను బి.కామ్ వాణ్ని గనక నా భాషలోనే చెబుతా. సినిమా లాభనష్టాలన్నీ హీరో ఖాతాలో పడతాయి. వరసగా రెండు మూడు పోతే ఫోన్ మోగదు. క్యారెక్టర్ నటుడికి డబ్బు తక్కువే, పోస్టర్ మీద చోటూ తక్కువే. అయితే ఆయన ఒకేసారి నాలుగైదు సినిమాల్లో పని చేసుకోవచ్చు. ఒకటి పోయినా ఇల్లు గడుస్తుంది. హీరోకి వయసు శత్రువు. క్యారెక్టర్ నటుడికి అదే పెట్టుబడి.

44 ఏళ్లకు కొత్త పని

1966లో ‘సూరజ్’ వచ్చింది. దాని దర్శకుడు మన తెలుగువాడు తాతినేని ప్రకాశరావు. అందులో అజిత్ విలన్. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. ఒకప్పటి హీరో ఇప్పుడు హీరో చేతిలో దెబ్బలు తినాలి. ఒప్పుకున్నారు.

అసలు పేరు వచ్చింది 1973లో, 51 ఏళ్ల వయసులో. ‘జంజీర్’లో తేజా, ‘యాదోం కీ బారాత్’లో శాకాల్. రెండూ సలీమ్-జావేద్ రాసినవే. అరుపులు, మీసాలు మెలేయడాలు లేవు. మంచి సూటు, నెమ్మదైన మాట, చల్లటి గొంతు. చంపమని కూడా చాయ్ తెమ్మన్నట్టే చెప్పేవారు. 1976లో సుభాష్ ఘాయ్ ‘కాళీచరణ్’లో ‘లయన్’ అయ్యారు. అందులో ఇంగ్లీషులో ‘నంబర్ 17’ అని రాసి ఉన్న చీటీ తిప్పి చూస్తే ‘లయన్’ అని కనిపిస్తుంది. కథ గుట్టంతా ఆ చీటీలోనే ఉంటుంది.

ఆ కథలు తెలుగులోకీ వచ్చాయి. ‘జంజీర్’ 1974లో ఎన్టీఆర్ ‘నిప్పులాంటి మనిషి’ అయ్యింది. ‘యాదోం కీ బారాత్’ 1975లో ‘అన్నదమ్ముల అనుబంధం’ అయ్యింది. 2013లో రామ్‌చరణ్ ‘తుఫాన్’లో ప్రకాశ్‌రాజ్ వేసింది ఆ తేజా పాత్రే.

తర్వాత ఆయన పేరు మీద జోకులు పుట్టాయి. వాటిల్లో చాలావాటికి ఆయన సినిమాలతో సంబంధమే లేదు. అయినా జనానికి గొంతు గుర్తుండిపోయింది. 200కు పైగా సినిమాలు చేసి, చివరికి సొంతూరికే వచ్చేశారు. 1998 అక్టోబర్ 22న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

మనింటి మాట

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా మామూకి 45 దాటాక ఉద్యోగం పోయింది. సూపర్‌వైజర్‌గా చేసిన మనిషి, చిన్న పనికి ఎలా పోతానని ఏడాది పాటు ఇంట్లోనే కూర్చున్నాడు. ముమానీ ఏమీ అనలేదు గానీ గాజులు రెండు అమ్మింది. ఇప్పుడు మామూ మూడు దుకాణాల లెక్కలు రాస్తాడు. ఎక్కడా పెద్ద జీతం లేదు, కానీ మూడూ కలిపితే ఇల్లు నడుస్తోంది.

అలాంటి ఇళ్లు మన బస్తీల్లో చాలా ఉన్నాయి. హమీద్ అలీ ఖాన్ 44 ఏళ్లకు చిన్న వేషం ఒప్పుకోకపోతే ఇవాళ ఆయన గొంతు ఎవరికీ గుర్తుండేది కాదు. ఈసారి ఇంట్లో పిల్లలు ‘మోనా డార్లింగ్’ అంటే నవ్వండి, తప్పులేదు. నవ్వాక ఆయన పేరు, ఊరు కూడా చెప్పండి.