వసంతారంభమున గోదావరిలో చేపల వేట

మాఘమాసము కడచి ఫాల్గుణము ప్రవేశించు వేళకు గోదావరి తన రూపమును పూర్తిగా మార్చుకొనును. శ్రావణ భాద్రపదములలో ఎఱ్ఱనీటితో గట్ల నొరసికొని పారిన నది యిప్పుడు తేటపడి, సన్నగిల్లి, ఇసుక తిన్నెల నడుమ పాయలుగా చీలి నడచును. తెల్లవారుజామున మంచు విడిపోవుచుండగా జాలరులు క్రొత్తగా సిద్ధము చేసిన నావలను నీటిలోనికి దింపుదురు. ఈ కాలపు వేట యెట్లు జరుగును? క్రొత్త నావ విషయమున ఎట్టి జాగ్రత్తలు వలయును? ఏ కాలమున ఏ చేపను విడువవలెను? ఈ సంగతులను మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును విశదపరుపవలెనని తలంచితిమి. నియమమును మాత్రమే చెప్పి కారణమును చెప్పకున్నచో, అది పిల్లలకే గాక పెద్దలకును బరువుగానే తోచును.

నది స్థితి

గోదావరి నాసిక్ జిల్లాలోని త్ర్యంబకము వద్ద జన్మించి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమును చేరును. ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ దొర 1847 మొదలు 1852 వఱకు ఆనకట్టను కట్టించెను. తరువాతి కాలమున దాని స్థానమున 175 తలుపులు గల బ్యారేజీ నిర్మింపబడినది. ఇది ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నున్నది. వసంతారంభమున నదిలోని నీటిలో అధిక భాగము కాలువల వెంట దాళ్వా చేలకు పోవును. కావున బ్యారేజీకి ఎగువను నీరు చెఱువువలె నిలిచి తియ్యగా నుండును. దిగువను గౌతమీ వసిష్ఠ పాయలలో ఏటినీరు తగ్గి, సముద్రపు పోటు ఉప్పునీటిని లోపలికి తెచ్చును.

ఒకే నదిలో ఇట్లు రెండు విధములైన వేటలు ఏర్పడుచున్నవి. ఎగువను బొచ్చె, శీలావతి, మోసు, వాలుగ, జెల్ల మొదలగు తీపినీటి చేపలు లభించును. దిగువను ఉప్పుకయ్యలలో పండుగప్ప, మాగ, రొయ్యలు దొరకును. ఎగువ జాలరి గాలిని చూచి బయలుదేరును. దిగువ జాలరి ఆటుపోటులను లెక్కించి బయలుదేరును.

చేప శీతరక్త జీవి. నీటి వేడిని బట్టియే దాని చురుకుదనము. చలి రాత్రులలో అది లోతైన మడుగులలో మందముగా నుండును. పగలు ఎండ తగిలి అంచుల నీరు వెచ్చబడినప్పుడు మేతకై లోతు తక్కువ గల తావులకు వచ్చును. అందుచే అనుభవజ్ఞులు ఉదయపు తొలిగంటలలో మడుగులను, ఎండ యెక్కిన పిమ్మట తిన్నెల అంచులను కనిపెట్టుచుందురు.

క్రొత్త నావ

లోతు లేని నదికి అడుగు వెడల్పైన నావ తగును. ఏలననగా, నావయు దానిలోని సరకును కలిసి ఎంత బరువో, అంత బరువు గల నీటిని నావ ప్రక్కకు నెట్టును. ఇది ఆర్కిమెడీసు సూత్రము. మా విద్యార్థులు ఈ చిన్న లెక్కను చేయవచ్చును. నావయు మనుష్యులును వలలును కలిసి 600 కిలోగ్రాముల బరువనుకొందము. నావ అడుగు వైశాల్యము 6 చదరపు మీటర్లనియు, ప్రక్కలు నిట్టనిలువుగా నున్నవనియు అనుకొన్నచో, అది 10 సెంటీమీటర్లు మాత్రమే నీటిలో మునుగును. మఱి 300 కిలోగ్రాముల చేపలు, తడివలలు చేర్చినచో 15 సెంటీమీటర్లు మునుగును. అడుగు ఇరుకైన నావ అదే బరువునకు ఇంకను లోతుగా మునిగి ఇసుకలో తగులుకొనును. ఉప్పునీరు మంచినీటికంటె కొంచెము బరువైనది గనుక, అదే నావ సముద్రమువైపు పోవునప్పుడు కొద్దిగా పైకి తేలును.

కొయ్యనావ పలకల సందులలో ప్రత్తి దారమును కూరి, గుగ్గిలమును నూనెయు కలిపి మెత్తుదురు. అయినను క్రొత్త నావను నీట దింపిన మొదటి దినమున కొంత నీరు ఊరుట సహజము. ఎండిన కొయ్య నీటిని పీల్చి ఉబ్బినగాని సందులు బిగియవు. అందుచే బుద్ధిమంతులు దానిని ఒడ్డున లోతు లేని నీటిలో కొన్ని దినములు నాననిచ్చి, నీటిని తోడిపోసి, ఊట నిలిచిన పిమ్మటనే వేటకు కొనిపోవుదురు. ఇప్పుడు అనేక రేవులలో ఫైబరు నావలు వ్యాపించినవి. వానికి ఈ నానుడు అక్కఱలేదు; బరువును తక్కువ. కాని తేలికైన నావను గాలి సులువుగా త్రోసికొని పోవును. దానియందు ఒక్కడు ఒక ప్రక్కకు ఒరిగినను నావ ఒరిగిపోవును. విసురువల వేయువాడు నావ ముక్కున నిలువబడి యుండగా, గెడ వేయువాడు వెనుక తట్టున తగ్గి కూర్చుండవలెను. బరువు ఎంత దిగువను నుండునో నావ అంత స్థిరముగా నుండును.

నది సన్నగిల్లినదని దానిని చులకన చేయరాదు. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద విహారనావ మునిగి అనేకులు ప్రాణములు గోల్పోయిరి. అది వరదకాలపు సంగతియే యైనను, తేలెడు చొక్కా ప్రతి దినమును అవసరమని అది మనకు బోధించుచున్నది. వసంతమున మధ్యాహ్నము దాటిన తరువాత దిగువ పాయలపై సముద్రపు గాలి బలపడును. క్రొత్త నావ నడక యింకను చేతికి అలవడనివారు అంతకు ముందే రేవు చేరుట మేలు.

వలయు వలకన్నును

వేట సాధనములలో ముఖ్యమైనవి మూడు. మొదటిది విసురువల. గుండ్రముగా విచ్చుకొని నీటిపై పడి, అంచున నున్న గుండ్ల బరువుచే అడుగునకు చేరి, క్రింది చేపలను కప్పివేయును. రెండవది నీటిలో గోడవలె నిలుచు పొడవైన వల. దాని పైఅంచున బెండ్లును, క్రింది అంచున గుండ్లును ఉండును. చేప తల కంటిలో దూరి, నడుము పట్టక, వెనుకకు తీయబోగా మొప్పలు తగులుకొని చిక్కును. మూడవది గాలము.

ఈ రెండవ వలయందే నియమములలోని యుక్తి యంతయు నున్నది. వలకన్ను పెద్దదైనచో చిన్నచేప దానిలోనుండి దూరిపోవును. పెద్దచేప మాత్రమే చిక్కును. వలకన్ను చిన్నదైనచో పిల్లలును పట్టుబడును. అనగా ఏ చేప బ్రదుకవలెనో ఏ చేప చిక్కవలెనో వల అల్లినప్పుడే నిర్ణయింపబడుచున్నది. నైలాను వలలు కుళ్లవు గనుక, తెగి నీటిలో పడిపోయిన ముక్కలు ఎవరును లేకున్నను చేపలను పట్టుచునే యుండును. చినిగిన వలను నదిలో పాఱవేయక ఒడ్డునకు తెచ్చుట ప్రతి జాలరి ధర్మము.

చేప బ్రదుకు

బొచ్చె, శీలావతి, మోసు అను చేపలు వానకాలమున నది పొంగినప్పుడు గ్రుడ్లు పెట్టును. కాని ఆ సన్నాహము వసంతముననే ఆరంభమగును. నీరు వెచ్చబడిన కొలదిని ఆడుచేప కడుపులో జన పెరుగజొచ్చును. శీలావతి శరీరపు బరువున కిలోగ్రామునకు సుమారు 2 లక్షల గ్రుడ్లు పెట్టగలదు. వానిలో పెద్దవగునవి మిక్కిలి కొలది. అయినను తల్లియే లేనిచో ఆ కొలదియు నుండదు.

పులస కథ ఇంతకంటె విచిత్రమైనది. సముద్రమున ఇలసగా నుండు నీ చేప, వరదనీరు సముద్రమును చేరగానే ఏటికి ఎదురీది వచ్చి తీపినీట గ్రుడ్లు పెట్టును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత గోదావరి తీరమున ఎఱుగనివా రెవరు? పుట్టిన పిల్లలు కొన్ని నెలలు ఏటిలో పెరిగి, మెల్లగా సముద్రమునకు దిగును. ఆనకట్ట పైత్రోవ నడ్డగించినది; క్రింది త్రోవలో చిన్నకన్నుల వలలు పిల్లలను కాచికొని యున్నవి. రెండు వైపుల చిక్కువడిన చేప యెట్లు వృద్ధియగును?

చెఱువు చేపలు సమృద్ధిగా నుండగా నదిచేపలకై ఇంత చింత యేల యని కొందఱు అడుగుదురు. 1957వ సంవత్సరము జూలై 10వ తేదీన హీరాలాల్ చౌధురి గారు ఒరిస్సాలోని అంగుల్ వద్ద సూదిమందుచే పెంపుడు చేపలజాతి చేత గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థులైరి. నాటి నుండి చెఱువులకు కావలసిన పిల్లలు ఉత్పత్తి కేంద్రములలో లభించుచున్నవి. అంతకు పూర్వము ఆ పిల్లలను నదుల నుండియే తేవలసి యుండెను. ఈ మేలు గొప్పదే. కాని పులసను ఇట్లు చెఱువులలో పెంచి అంగళ్లకు చేర్చుట సాధ్యపడలేదు. మఱియు చెఱువు లేని జాలరికి నదియే పొలము. ఆ పొలము బీడైనచో అతని బిడ్డలకు బడియు దూరమగును.

నియమములు

వేటనియమములు నాలుగు విధములు: కాలము, పరిమాణము, పద్ధతి, స్థలము. ఎప్పుడు పట్టరాదు, ఎంత చిన్నదానిని పట్టరాదు, ఏ విధముగా పట్టరాదు, ఎచ్చట పట్టరాదు అనునవి.

మన దేశమున ఈ విషయమును శాస్త్రీయముగా విచారించినవారిలో ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు ముఖ్యుడు. చెన్నపురి వైద్యశాఖలో ఉద్యోగి యైన యీయన భారతదేశపు చేపలను వర్ణించి గొప్ప గ్రంథమును రచించెను. చిన్నకన్నుల వలలచే పిల్లచేపలు నశించుచున్నవని ప్రభుత్వమునకు నివేదించెను. ఆయన 1889లో మరణించెను. చట్టము 1897లో గాని రాలేదు. ఆ చట్టము ప్రేలుడు పదార్థములతోను, విషముతోను చేపలను చంపుటను నిషేధించినది. స్థిరమైన పన్నాగములను, అడ్డుకట్టలను, వలల పరిమాణమును గూర్చి నియమములు చేయుటకును, ఒకానొక జలాశయమున రెండు సంవత్సరములకు మించని కాలము వేటను పూర్తిగా మాన్పుటకును ప్రభుత్వమునకు అధికార మిచ్చినది. మూలచట్టమున ప్రేలుడు నేరమునకు రెండు నెలల ఖైదు గాని 200 రూపాయల జుల్మానా గాని గరిష్ఠ శిక్షగా నుండెను. ప్రేలుడుచేత పెద్దచేపతోపాటు పిల్లయు, మేతపురుగును, గ్రుడ్డును చచ్చును. వల కొంతను విడుచును. మందు దేనిని విడువదు.

ఇచ్చట సామాన్యముగా కలుగు ఒక భ్రాంతిని తొలగింపవలెను. ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు తూర్పు సముద్రతీరమున యంత్రపు నావల వేట నిషిద్ధము. 2015కు పూర్వము ఈ గడువు 47 దినములే. ఇది సముద్రమునకు సంబంధించినది. తీరము నుండి 12 నాటికల్ మైళ్ల లోపలి జలములలో రాష్ట్రము 1994 నాటి సముద్ర వేట నియంత్రణ చట్టము ననుసరించి దీనిని అమలు జరుపును. ఆవలి జలములు కేంద్రమువి. నదులు, చెఱువులు రాష్ట్రపు అధికారము లోనివే. వానికి నియమములు వేఱు. కాబట్టి క్రొత్త నావ కొనినవారు, నది వేటకు సముద్రపు తేదీలనే ప్రమాణముగా నెంచక, తమ ప్రాంతపు మత్స్యశాఖ కార్యాలయమున అనుమతి పత్రమును, నిషేధకాలమును విచారించి తెలిసికొనవలెను.

పొరుగుననున్న బంగ్లాదేశమున ఇలస పిల్లలను కాపాడుటకై మార్చి, ఏప్రిలు నెలలలో, అనగా సరిగా మన వసంతముననే, కొన్ని నదీభాగములలో వేటను ఆపివేయుదురు. నవంబరు నుండి జూను వఱకు 25 సెంటీమీటర్ల లోపు ఇలసలను పట్టనీయరు. ఆ దినములలో జాలరి కుటుంబములకు ప్రభుత్వము బియ్యమిచ్చును. పశ్చిమ వంగమునను 23 సెంటీమీటర్ల లోపు ఇలసను పట్టరాదను కట్టుబాటు కలదు.

బియ్యపు సంగతిని మేము ఊరక చెప్పలేదు. ఆకలిగొన్నవానికి రాబోవు సంవత్సరపు చేపను గూర్చి బోధించుట సులభము; ఆ పూట గడుపుట కష్టము. మన రాష్ట్రమునను సముద్ర నిషేధకాలమున జాలరులకు భృతి యొసంగు ఏర్పాటున్నది. నియమము న్యాయమైనదిగా నుండవలెనన్నచో దాని భారమంతయు చిన్న నావ గల పేదవానిపై పడరాదు. ఆనకట్టలు త్రోవ నడ్డగించుట, మురికినీరు నదిలో కలియుట, పిల్లచేపను అడిగి కొనువారుండుట, ఇవియు నష్టమునకు కారణములే. కొనువాడు లేక అమ్మువాడు లేడు గదా!

కావున విద్యార్థులారా, అంగడిలో జానెడైన లేని పులసపిల్లను చూచినప్పుడు దానిని కొనవద్దని ఇంటివారికి వినయముతో చెప్పుడు. నది తీరమున వసించువారు తెగిన వలముక్కలను ఏఱి ఒడ్డునకు తెండు. నావ నడుపువారి బిడ్డలు తండ్రితోను మామతోను కూర్చుండి వలకన్నును కొలిచి చూడుడు. ఏ కొలతకు ఏ చేప చిక్కినదో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. ఒక సంవత్సరము వ్రాసినచో అది మీకు పాఠమగును. పది సంవత్సరములు వ్రాసినచో అది మీ ఊరికే ఆస్తి యగును. క్రొత్త నావ కొన్ని సంవత్సరములకు ప్రాతదగును. దానికి బదులు మఱియొకటి చేయించుకొనవచ్చును. నదిలోని చేప నశించినచో దానిని చేయించుటకు వడ్రంగి లేడు.